కూర పోయింది, వాసన పోలేదు

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారులో పెట్టుకుపోయే చిన్న ఫ్రిజ్‌ల కంపు గురించే. ఒకే తీరు ప్రశ్నలను ఒకచోట కలిపాం.

ప్రశ్న: మేడారం జాతరకు పోయినప్పుడు మొక్కు యాటకూర మిగిలితే 40 లీటర్ల కారు ఫ్రిజ్‌ల పెట్టినం. పార్కింగ్‌ల బండి ఆపినంక ఫ్రిజ్ ఎప్పుడు బందయిందో తెల్వదు. ఇంటికొచ్చినంక రెండు దినాలు ఎవ్వరం తెరవలే. తెరిస్తే కూర కుళ్లి, రసం అడుగున నిలిచి ఉన్నది. సబ్బుతోని కడిగినం, ఫినాయిల్ పోసినం, అగరుబత్తి గూడ ముట్టిచ్చి పెట్టినం. ఫ్రిజ్ నడుస్తుంటే వాసన రాదు. ఆపి మూత పెడితే మళ్ల అదే కంపు. ఇగ పారేసుడేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పారేయకండి. నడుస్తుంటే వాసన రాదు, ఆపితే వస్తుంది అన్నారు కదా, కిటుకంతా అక్కడే ఉంది. కుళ్లిన మాంసం వాసన గోడల ప్లాస్టిక్‌లోకి, మూత రబ్బరులోకి ఇంకిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు బయటికి రాదు, వెచ్చబడగానే వస్తుంది. కాబట్టి కడిగిన ప్రతిసారీ ఫ్రిజ్ ఆపి, మూతపెట్టి, వెచ్చని గదిలో నాలుగైదు గంటలు ఉంచాకే వాసన చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి "పోయింది" అనుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

పని మొదలుపెట్టే ముందు కారు వైరు, ఇంటి ఎడాప్టర్ రెండూ పీకేయండి. లోపలి తీగబుట్ట, అడ్డుపలక, అడుగున నీళ్లు పోయే బిరడా ఉంటే అదీ బయటికి తీయండి. పైపు పెట్టి నీళ్లు కొట్టొద్దు. ఒక పక్కన జాలీ వెనక కంప్రెసర్, సర్క్యూట్ బోర్డు ఉంటాయి, అక్కడికి చుక్క కూడా పోకూడదు. నీళ్లు వంపడానికి తలకిందులు చేయడం ఇంకో పొరపాటు. కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి ఎక్కుతుంది. నీళ్లను స్పాంజితో తోడి బకెట్లో పిండండి. ఎప్పుడైనా పక్కకు ఒరిగిపోతే నిలబెట్టి, కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయాలి.

మొదట ఫినాయిల్ సంగతి తేల్చాలి. అది మాంసం వాసనను తీయలేదు, దాని పక్కన ఇంకో వాసన తెచ్చిపెట్టింది. గిన్నెల సబ్బు ద్రవం, చల్లని నీళ్లతో రెండుసార్లు కడిగి తుడవండి. అగరుబత్తి పొగ జిడ్డు కూడా దాంతోనే పోతుంది.

నెత్తురు, మాంసం రసం ఎండి అంటుకున్న చోట మొదట చల్లని నీళ్లే వాడాలి. వేడినీళ్లు పోస్తే అందులోని ప్రోటీన్ ఉడికి గట్టిపడి ప్లాస్టిక్‌కు పట్టేస్తుంది. చాలామంది కంపు చూసి మొదటే మరిగే నీళ్లు గుమ్మరిస్తారు. ఆ దెబ్బకు లోపలి ప్లాస్టిక్ కూడా వంగవచ్చు.

తర్వాత ఎంజైములు, అంటే ప్రోటీన్ మరకలను విడగొట్టే పదార్థాలు, ఉన్న బట్టల పౌడర్ కావాలి. ప్యాకెట్ మీద ఎంజైములు అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు ఒక పెద్ద చెంచా పౌడర్ కలపండి. నీళ్లు చేయి పెట్టగలిగే వేడిలోనే ఉండాలి, బాగా కాగితే ఎంజైము చచ్చిపోతుంది. పాత నూలు బట్టలు అందులో ముంచి, అడుగున, గోడలకు, మూలలకు పరిచి అంటించండి. పైన ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా వదిలేయండి. కవర్ ఎందుకంటే, ఎంజైము తడి ఉన్నంతసేపే పని చేస్తుంది. రుద్ది ఐదు నిమిషాల్లో తుడిచేస్తే అది మామూలు సబ్బుతో సమానం. పొద్దున బట్టలు తీసి, మంచినీళ్లతో నాలుగుసార్లు తుడవండి.

ఇప్పుడు పులుపు వంతు. మాంసం కుళ్లితే పుట్టే కంపులో పెద్ద భాగం అమైన్లు అనే క్షార పదార్థాలది. పులుపు తగిలితే అవి లవణాలుగా మారి గాలిలోకి లేవవు. లీటరు నీళ్లకు 15 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి, లేదంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలపండి. దాంతో తడిపి అరగంట ఉంచి కడగండి. ఇక్కడ వంట సోడాకు పని తక్కువ. క్షారాన్ని క్షారంతో పోగొట్టలేం.

చివరన క్రిములు చావడానికి బ్లీచ్. సెంటు కలపని, 4–5 శాతం ద్రవ బ్లీచ్ 15 మిల్లీలీటర్లను 4 లీటర్ల నీళ్లలో కలిపి తుడిచి, పది నిమిషాల తర్వాత మంచినీళ్లతో కడగాలి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వెనిగర్, నిమ్మ ఉప్పు తడి ఉండగా బ్లీచ్ తగిలించకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మూత తెరిచి ముఖం లోపల పెట్టి తుడిచే పనిలో అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మధ్యలో మంచినీళ్లతో బాగా కడిగి, కిటికీలు తెరిచి చేయండి. ఎంజైము ముందు, బ్లీచ్ తర్వాత. వరుస మారితే బ్లీచ్ ఎంజైమును చంపేస్తుంది.

ఇంతా చేసి వాసన మిగిలిందంటే అది గోడల్లో లేదు, కంటికి కనపడని చోట ఉంది. మొదట చూడాల్సింది మూత రబ్బరు. దాని మడతను వేలితో వెనక్కి తీసి చూస్తే గోధుమరంగు జిగట గీత కనిపిస్తుంది. అది ఎండిన రసమే. రబ్బరు చాలా ఫ్రిజ్‌లలో గాడిలో నొక్కి కూర్చోబెట్టినదే ఉంటుంది. ఒక మూల నుంచి మెల్లగా లాగితే మొత్తం ఊడి వస్తుంది. జిగురుతో అంటించినదైతే లాగొద్దు, ఉన్నచోటే కడగాలి. ఊడినదాన్ని ఎంజైము నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా తోమండి. ఖాళీ గాడిని కూడా అలాగే. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ తాకిస్తే రబ్బరు ఉబ్బి మూత సరిగ్గా పడదు. నీడలో ఆరనిచ్చి, తిరిగి పెట్టాక ఒక పది రూపాయల నోటును మూత కింద పెట్టి లాగి చూడండి. నోటు బిగుతుగా వస్తే సరే. జారిపోతే అక్కడ రబ్బరును హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వెచ్చబెట్టి చేత్తో సర్దండి.

రబ్బరు తర్వాత అనుమానించాల్సినవి నీళ్లు పోయే రంధ్రం, దాని బిరడా మరలు, లైటు మూత, లోపల కనపడే స్క్రూలు. ఏది దొంగో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఐదు రూపాయల బిళ్లంత దూది ముక్కలు చేసి, ఒక్కో అతుకు మీద, ఒక్కో స్క్రూ మీద ఒకటి పెట్టి టేపుతో అంటించండి. టేపు మీద పెన్నుతో అంకె వేయండి. మూతపెట్టి వెచ్చని గదిలో ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఒక్కో దూదిని ఒక్కో స్టీలు గ్లాసులో వేసి వాసన చూడండి. రెండు మూడు చూశాక ముక్కు మొద్దుబారుతుంది, మధ్యలో బయటికి పోయి గాలి పీల్చుకుని రండి. అన్నిటికన్నా ఎక్కువ కంపు కొట్టిన దూది ఎక్కడిదో అక్కడినుంచే రసం లోపలికి దిగింది.

స్క్రూ రంధ్రమే దొంగ అని తేలితే ఆ స్క్రూ తీసి, టిష్యూ కాగితాన్ని ఒత్తిలా మెలిపెట్టి రంధ్రంలో దించండి. తడి పీల్చుకుంటుంది. రంగు అంటనంతవరకు మారుస్తూ పోవాలి. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో అంచులు తుడిచి, రెండు మూడు రోజులు తెరిచి ఆరనిచ్చి, ఆహారానికి పనికొచ్చే సిలికాన్‌తో మూసేయండి. సిరంజితో మందు లోపలికి ఎక్కించమని కొందరు సలహా ఇస్తారు. మేము వద్దంటాం. గోడ లోపలి ఫోములోకి పోయిన నీళ్లు మళ్లీ బయటికి రావు. డ్రిల్లు అసలే పట్టొద్దు. చల్లదనం తెచ్చే గొట్టాలు ఆ గోడ వెనకే చుట్టి ఉంటాయి. కొన్నిటిలో నింపేది ఆర్600ఏ, అంటే అంటుకునే గ్యాస్.

ఫోమే బాగా తడిసిపోయి ఉంటే ఆ ఫ్రిజ్‌కు బాగుపడే దారి లేదు. లోపలి డబ్బా మార్చే ఖర్చులో కొత్తది వస్తుంది. అప్పుడు దాన్ని మూత బిగించిన నీళ్ల బాటిళ్లకు, కూల్‌డ్రింకులకు పరిమితం చేసుకోవచ్చు.

ఫ్రిజ్ ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి, లేకపోతే వచ్చే జాతరకు ఇదే ఉత్తరం రాస్తారు. చాలా కార్లలో తాళంచెవి తీయగానే 12 వోల్టుల సాకెట్‌కు కరెంటు పోతుంది. కొన్నిటిలో పోకపోయినా, ఫ్రిజ్‌లోని బ్యాటరీ రక్షణ (కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండా ఫ్రిజ్‌ను ఆపే ఏర్పాటు) 'హై' మీద ఉంటే ఇంజను ఆగిన కాసేపటికే అది తనంతట తానే ఆగుతుంది. 'లో' మీద పెడితే ఎక్కువసేపు నడుస్తుంది కానీ బండి స్టార్ట్ కాక తోయాల్సి రావచ్చు. జాతరలో బండి గంటల తరబడి కదలదు. విడిగా బ్యాటరీ లేకుంటే, ఇంట్లోనే గడ్డకట్టించిన లీటరు నీళ్ల బాటిళ్లు నాలుగు కూర చుట్టూ పేర్చి పోవడం మేలు. ఇంకో చిట్కా. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి, ఫ్రిజ్‌ను గడ్డకట్టే చల్లదనంలో నడుపుతుంటే అందులో ఉంచండి. తెరిచినప్పుడు బిళ్ల అడుగుకు దిగి ఉంటే మధ్యలో కరెంటు పోయినట్టే. మళ్లీ గడ్డకట్టి పైకి బాగానే కనిపించినా ఆ కూర తినొద్దు. పచ్చి మాంసాన్ని క్యారీబ్యాగులో ముడేసి పెట్టొద్దు, ముడి దగ్గరే కారుతుంది. క్లిప్పుల మూత ఉన్న స్టీలు డబ్బా పెట్టండి.

ప్రశ్న: మృగశిర కార్తె నాడు లోయర్ మానేరు డ్యాం దగ్గర కొర్రమీను, రవ్వు కొని ఐసు వేసి తెచ్చినం. ఐసు కరిగిన నీళ్లు ఫ్రిజ్ అడుగున రెండు రోజులు ఉండిపోయినయి. వెనిగర్ పెట్టినా మట్టివాసన, నూనెవాసన పోతలేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చేప అనగానే వెనిగర్ అనే మాట సముద్రపు చేపకు ఎక్కువ వర్తిస్తుంది. వంజరం, రొయ్య లాంటివి పాడైతే ట్రైమిథైలమైన్ అనే క్షార పదార్థం పుడుతుంది, దానికి పులుపు మంచి విరుగుడు. చెరువు, డ్యాం చేపల్లో అది పుట్టే సరుకు తక్కువ. వాటిలో వచ్చే మట్టివాసన నీళ్లలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. నూనెవాసనేమో చేప కొవ్వు గాలి తగిలి ముక్కిపోయినందువల్ల. మీ ఫ్రిజ్‌లో ఈ రెండూ ఉన్నాయి, పైగా చేప ఒంటి జిగురు వాటిని పట్టి ఉంచుతోంది.

కాబట్టి ముందు జిడ్డు వదలాలి. గిన్నెల సబ్బు ద్రవం రెండు చెంచాలు లీటరు వెచ్చని నీళ్లలో కలిపి, మెత్తని స్పాంజితో తోమండి. ఇనుప పీచు, ఇసుక వద్దు, గీతలు పడితే జిడ్డు వాటిలో దాక్కుంటుంది. చేత్తో తడిమితే గోడ కిర్రుమనాలి. జారుతుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్లీ తోమండి. ఆ తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లు అరగంట, పైన చెప్పిన కొలతలోనే. జిడ్డు వదలకుండా పులుపు పోస్తే నూనెపొర మీదనుంచి జారిపోతుంది. మీ వెనిగర్ పనిచేయకపోవడానికి కారణం అదే అయి ఉండాలి.

అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటే బిరడా తీసి, సీసాలు కడిగే సన్నని బ్రష్ లోపలికి తిప్పండి. బిరడాకు చుట్టూ ఉండే నల్లని రబ్బరు రింగును పిన్నుతో లేపి, దాని కింద కూడా తుడవండి. పొలుసులు అక్కడ ఇరుక్కుంటాయి, ఒక్క పొలుసు చాలు కంపుకు. ఇకముందు ఐసు విడిగా పోయకుండా, బాటిళ్లలో గడ్డకట్టించి పెట్టండి. చేపలు శుభ్రం చేయించి డబ్బాలో పెడితే కరిగిన నీళ్లకు చేప తగలదు.

ప్రశ్న: ఈత కల్లు రెండు లీటర్ల సీసాల పోసి ఫ్రిజ్‌ల పెడితే దారిల మూత ఎగిరింది. తెల్లారేసరికి అంతా పుల్లటి వాసన. వెనిగర్ పెట్టి తుడిస్తే ఇంకా ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: కల్లు పులిసి పుట్టేది ఆమ్లమే, వెనిగర్‌లో ఉన్నదీ అదే. ఎక్కువ కాకపోతే ఆశ్చర్యం. ఇక్కడ కావలసింది వంట సోడా. మొదట చల్లని నీళ్లతో కల్లు మడ్డి, తెల్లని ఈస్టు పొర తుడిచేయండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాల వంట సోడా కలిపి తడిపి, పావుగంట ఉంచి కడగండి. రెండుసార్లు చేస్తే చాలావరకు పోతుంది. కల్లులో చక్కెర ఉంటుంది కాబట్టి జిగట మూలల్లో మిగిలితే చీమలు, బూజు రెండూ వస్తాయి. బుట్ట కాళ్ల కింద చూడండి.

పెరుగు, మజ్జిగ ఒలికినా ఇదే మందు. పాలు మాత్రం కొంచెం మొండివి. కొవ్వు, ప్రోటీన్ రెండూ ఉంటాయి కాబట్టి ముందు గిన్నెల సబ్బు, తర్వాత ఎంజైము పౌడర్, ఆ తర్వాతే సోడా.

కొందరు వెనిగర్, సోడా కలిపి పోస్తారు. బుసబుస పొంగుతుంటే పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఒకదాన్నొకటి తినేసి చివరికి ఉప్పునీళ్లలాంటివే మిగులుతాయి. ఏదో ఒకటే వాడండి, రెండూ కావాలంటే మధ్యలో కడగండి.

ఇక కల్లు సీసా సంగతి. చల్లదనంలో పులియడం నెమ్మదిస్తుంది, ఆగదు. పావువంతు ఖాళీ వదిలి, మూత పూర్తిగా బిగించకుండా, నిలబెట్టి, ఒక గిన్నెలో పెట్టి తీసుకుపోండి. మధ్యలో ఆగినప్పుడు ఒకసారి మూత తిప్పి గ్యాస్ వదలండి.

ప్రశ్న: ఎండాకాలం ట్రిప్పులు అయినంక ఫ్రిజ్ కడిగి సజ్జ మీద పెట్టినం. దసరాకు దించితే లోపల ముక్కిన వాసన, రబ్బరు మీద నల్లని చుక్కలు.
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: మూతపెట్టి దాచారు. వానాకాలం తేమలో అది చాలు. నల్లని చుక్కలు బూజు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తడిపి పది నిమిషాలు ఉంచి టూత్‌బ్రష్‌తో తోమండి. మెడికల్ షాపులో 6 శాతం సీసా ఇస్తే సమానంగా నీళ్లు కలుపుకోండి. వెనిగర్‌తో మాత్రం కలపకండి. చుక్కలు పోయినా రబ్బరు మీద లేత మరక మిగలవచ్చు, వాసన లేకుంటే దాన్ని వదిలేయండి. రబ్బరు పగిలి బూజు లోపలికి దిగితే కొత్త రబ్బరు వేయించుకోవడమే. కంపెనీ మోడల్ నంబరు చెప్పి అడగండి, సైజు చూసి వేస్తే సరిపోదు.

ఆరబెట్టడానికి కారు ఫ్రిజ్‌ను మే ఎండలో పెట్టేవాళ్లు ఉన్నారు. బుట్ట, బిరడా ఒక గంట ఎండలో పెట్టండి, మంచిదే. మొత్తం ఫ్రిజ్‌ను వద్దు, మూత వంగి రబ్బరు కూర్చోదు. నీడలో, టేబుల్ ఫ్యాను గాలి లోపలికి తగిలేలా మూత తెరిచి ఒక పగలంతా ఉంచండి. దాచేటప్పుడు మూతకూ ఒంటికీ మధ్య చుట్టిన బట్ట అడ్డంపెట్టి, రెండు వేళ్ల సందు ఉండేలా తాడుతో కట్టండి. లోపల నలిపిన వార్తాపత్రిక కాగితాలు వేస్తే తేమ పీల్చుకుంటాయి. వానాకాలంలో నెలకోసారి మార్చండి. బొద్దింకలు దూరకుండా ఆ సందుకు పల్చని వల గుడ్డ చుట్టవచ్చు.

ప్రశ్న: కాఫీ పొడి, బొగ్గు, వంట సోడా, నిమ్మచెక్కలు, లవంగాలు – ఒక్కొక్కరు ఒక్కటి చెప్తున్నరు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఇవేవీ కడగడానికి బదులు కావు. మరక లోపల ఉండగా ఇవి ఎన్ని పెట్టినా, తీసిన మర్నాడే వాసన తిరిగొస్తుంది. కడిగి ఆరబెట్టాక మిగిలిన కొద్దిపాటి వాసనకు మాత్రమే ఇవి.

వాటిలో మా ఓటు యాక్టివేటెడ్ కార్బన్‌కు. చేపల తొట్లు అమ్మే షాపుల్లో ఫిల్టర్ల కోసం నల్లని గింజల్లా దొరుకుతుంది. ఒక గ్రాము గింజల లోపలి సందుల వైశాల్యం వందల చదరపు మీటర్లు ఉంటుంది, అందుకే వాసనను అంతగా పట్టుకుంటుంది. 40 లీటర్ల ఫ్రిజ్‌కు 200 గ్రాములు చాలు. గిన్నెలో కుప్పగా పోయకుండా వెడల్పు పళ్లెంలో పల్చగా పరిచి, ఫ్రిజ్ ఆపి, మూతపెట్టి, నాలుగైదు రోజులు ఉంచండి. యూఎస్‌బీ మీద నడిచే చిన్న ఫ్యాను లోపల పెట్టి గాలి తిప్పితే ఇంకా త్వరగా పట్టుకుంటుంది. అందరూ మర్చిపోయే సంగతి ఇదే, కదలని గాలిలో బొగ్గు దాకా వాసన చేరడానికే రోజులు పడతాయి. పొయ్యి బొగ్గు కూడా కొంత పీలుస్తుంది కానీ దీనికి సాటి రాదు, పైగా మసి అంటుతుంది.

వంట సోడా పుల్లటి వాసనలకు పరవాలేదు, మాంసం కంపుకు అంతంతమాత్రం. చిన్న డబ్బా మూత తెరిచి పెడితే లాభం లేదు, పావుకిలో పళ్లెంలో పరచాలి. నలిపిన వార్తాపత్రికలు కొద్దిగా తడి చిలకరించి నింపి, రోజూ మారుస్తూ ఐదారు రోజులు ఉంచితే చౌకలో మంచి ఫలితం ఉంటుంది. కాఫీ పొడి పీలుస్తుంది, కానీ తన వాసన వదిలిపోతుంది. తర్వాత పెట్టిన పెరుగు కాఫీ కొట్టినా అభ్యంతరం లేనివాళ్లు వాడుకోవచ్చు. నిమ్మచెక్కలు, లవంగాలు, కర్పూరం వాసనను కప్పుతాయి తప్ప తీయవు. నిమ్మచెక్క రెండు రోజులు మరిచిపోతే దానికే బూజు పడుతుంది.

కలరా ఉండలు మాత్రం పెట్టనే వద్దు. ఆ ఆవిరి ప్లాస్టిక్‌లోకి ఇంకి, తర్వాత తిండికి పడుతుంది. అది విషం. ఓజోన్ యంత్రాలు అద్దెకిచ్చేవాళ్లు కూడా అడుగుతుంటారు. వాసన పోవచ్చు, మూత రబ్బరు మాత్రం చిట్లుతుంది, మూసిన గదిలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. ఇంత చిన్న పనికి అంత యంత్రం అక్కర్లేదు.

ప్రశ్న: నాది చిన్న సైజు, తక్కువ ధరది. లోపల ఫ్యాను తిరుగుతుంది. ఎన్నిసార్లు కడిగినా, ఆన్ చేయగానే వాసన కొడుతుంది. పైగా మే నెలలో పాలు కూడా విరుగుతున్నాయి.
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: మీది కంప్రెసర్ లేని పెల్టియర్ రకం, అంటే కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలకతో నడిచేది. లోపలి ఫ్యాను జాలీ వెనక అల్యూమినియం రెక్కలు ఉంటాయి. ఒలికినవాటి ఆవిరి, దుమ్ము ఆ రెక్కల మధ్య పేరుకుంటాయి. వైరు పీకి, జాలీ స్క్రూలు తీసి, ఫ్యాను రెక్కలను సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. అల్యూమినియం సందులను పెయింటు బ్రష్‌తో దులపండి. అక్కడ వెనిగర్, బ్లీచ్ వాడితే లోహం తినేస్తుంది. వైర్లకు తడి తగలనివ్వకండి, పూర్తిగా ఆరాకే బిగించండి.

పాల సంగతికి మరమ్మతు లేదు. ఈ రకం ఫ్రిజ్ బయటి ఎండకన్నా 15 నుంచి 20 డిగ్రీలే తగ్గించగలదు. మీ దగ్గర బయట 44 ఉంటే లోపల 24కు తగ్గడమే గొప్ప. పాలు, మాంసం 5 డిగ్రీల లోపు ఉండాలి. దాన్ని నీళ్లకు, పండ్లకు ఉంచుకోండి.

ప్రశ్న: కొత్త ఫ్రిజ్ ప్లాస్టిక్ వాసన వస్తోంది, తిండి పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి తుడిచి, మూత తెరిచి రెండు మూడు రోజులు గాలికి పెట్టి వాడుకోండి. నడిచేటప్పుడు కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే అది వేరే సంగతి. వెంటనే వైరు పీకి, ప్లగ్గు కొస నల్లబడిందేమో చూడండి. కారు సాకెట్‌లో వదులుగా కూర్చున్న ప్లగ్గు అక్కడే వేడెక్కుతుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌ల కారు ఫ్రిజ్ చూసిన. ధర బాగుంది. కంపు ఉన్నది లేనిది ఎట్ల తెలుసుకోవాలె?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: అమ్మేవాళ్లు ఫ్రిజ్‌ను బాగా చల్లగా నడిపి చూపిస్తారు. చల్లగా పనిచేస్తుందో లేదో చూడటానికి అది సరే, వాసనకు పనికిరాదు. మీరు పోయే ముందు ఫోన్ చేసి, నడపకుండా మూతపెట్టి ఉంచమనండి. పోయాక వెచ్చని చోట గంటసేపు మూసి ఉంచి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా తెరవండి. మొదటి గాలిలోనే తెలుస్తుంది. అత్తరు, నిమ్మ, కర్పూరం వాసన గుప్పుమంటే అనుమానించాల్సిందే, ఎవరో దేన్నో కప్పారు.

తర్వాత రబ్బరు మడత వేలితో తీసి చూడండి. అడుగు మూలల్లో, లోపలి స్క్రూల చుట్టూ ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారిందా, చీలిక ఉందా చూడండి. గోడలను పిడికిలితో మెల్లగా తట్టండి. ఒక పక్క బోలుగా మోగి, ఇంకో పక్క మొద్దుగా ఉంటే ఫోములో తేడా ఉన్నట్టు అనుమానించాలి. రబ్బరులోనో బుట్టలోనో వాసన ఉంటే బేరమాడి తీసుకోవచ్చు, అది పోతుంది. గోడ చీలికలోంచి వస్తుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.